పక్షికి ఎంత దూరమున నిలువవలెను?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, నేను గ్రంథాలయోద్యమమును గూర్చి ప్రసంగింతునని వారు తలచియుందురు. ఆ విషయమును నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే కలరు. నేను ముప్పది సంవత్సరములు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడను. తీరిక దొరికినపుడెల్ల చెరువుగట్టున పక్షులను చూచుచు తిరిగినవాడను. నాకు తెలిసినవి ఆ రెండే. కావున ఆ రెండును కలిసిన విషయమునొకదానిని మీ ముందుంచుచున్నాను.

ఇందుకొక కారణమును కలదు. ఈ రజతోత్సవ సందర్భమున ఒక దాత, తమ పేరు వెల్లడింపవలదని చెప్పి, మన గ్రంథాలయమునకు కొంత ధనమిచ్చినారు. చెరువునకు వచ్చు పక్షులను మన విద్యార్థులు చూచి, వానికి ఛాయాచిత్రములు తీసి, గ్రంథాలయములో భద్రపరుపవలెనని వారి కోరిక. ఆ ధనముతో ఏ పరికరము కొనవలెనను విషయమున కార్యవర్గములో వాదము పుట్టినది. యువకులు పెద్ద టెలిఫోటో కటకము కావలెననిరి. మరికొందరు స్పాటింగ్ స్కోపు, అనగా నేలమీది వస్తువులను చూచు దూరదర్శిని చాలుననిరి. తుదకు “మాస్టారు ఏమందురో విందము” అని బంతిని నా ముంగిటికి త్రోసిరి. తీర్పు చెప్పుట కార్యవర్గము పని. సాక్ష్యము చెప్పుట నా పని. నేను చూచినది, చేసినది, లెక్కకట్టినది చెప్పుదును.

పక్షిని చిత్రించుటలో కష్టమంతయు దూరములోనే ఉన్నది. గోడమీది బల్లిని చిత్రింపవలెనన్న దగ్గరకు పోవచ్చును. పాలపిట్ట దగ్గరకు పోజాలము. మనము పది అడుగులు వేయునప్పటికి అది తీగమీదినుండి లేచి మరొక స్తంభమునకు పోవును. వెనుకటివారు ఈ దూరమును తుపాకితో జయించిరి. అమెరికాలో పక్షుల చిత్రములకు జగత్ప్రసిద్ధుడైన ఆడుబన్ పక్షులను కాల్చి, తీగలతో నిలువబెట్టి, వానిని చూచి బొమ్మలు గీసెను. 1827 మొదలు 1838 వరకు అచ్చయిన ఆయన మహాగ్రంథములోని పక్షులు ఎంత సజీవముగ కానవచ్చినను, చిత్రకారుని యెదుట నున్నవి జీవము పోయిన పక్షులే. మన దేశములో పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కైన సలీం అలీగారు 1931-32లో నాటి హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే చేసినపుడును, నమూనాలను కాల్చి సేకరించుటయే శాస్త్రపద్ధతిగ నుండెను. ఆ కాలమునకు అది తప్పు కాదు. చేతిలోనికి రానిదే పక్షి ఏ జాతిదో నిశ్చయింప వీలులేని దినములవి.

తుపాకి స్థానమున కెమెరా వచ్చినపుడును దూరము తగ్గలేదు. ఇంగ్లండులో రిచర్డు కీర్టన్, చెర్రీ కీర్టన్ అను అన్నదమ్ములు 1892లో గ్రుడ్లతో కూడిన పక్షిగూటికి ఛాయాచిత్రము తీసిరి. పక్షులు బెదరకుండుటకై ఎద్దుచర్మముతో బోలు ఎద్దును తయారుచేసి, అందులో దూరి చిత్రములు తీసిరి. వినుటకు నవ్వు వచ్చును గాని, వారి యోర్పు నవ్వదగినది కాదు. ఆ దేశస్థుడే యగు ఎరిక్ హాస్కింగ్ అను సుప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు 1937లో గుడ్లగూబ గూటి దగ్గరకు పోగా, అది గోళ్లతో మొగమున కొట్టెను. ఆయన ఒక కన్ను కోల్పోయెను. తన జీవితకథకు ‘పక్షికొక కన్ను’ అను భావము స్ఫురించు పేరే పెట్టుకొనెను. దగ్గరకు పోవుటకు మూల్యము ఎవరో యొకరు చెల్లింపవలసియే యున్నది. ఒకప్పుడు మనిషి చెల్లించును. పెక్కుసార్లు పక్షి చెల్లించును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. తిరిగి దీనికడకు వత్తును.

ఇక పరికరముల సంగతి. విద్యార్థులు శ్రద్ధగ వినవలెను.

కటకమునకు నాభ్యంతరమని యొకటి యుండును. అది ఎంత ఎక్కువయైన దూరపు వస్తువు అంత పెద్దదిగ పడును. 50 మిల్లీమీటర్ల కటకము కంటికి కానవచ్చు ప్రమాణమునకు దగ్గరగ చూపునని సామాన్యముగ చెప్పుదురు. 600 మిల్లీమీటర్ల కటకము దానికి 12 రెట్లు పెంచి చూపును. అయితే అంత నాభ్యంతరము గల సాదా కటకము చాల పొడవగును. ముందు కుంభాకార కటకములను, వెనుక పుటాకార కటకములను అమర్చి గొట్టము పొడవును నాభ్యంతరముకంటె తగ్గించు ఉపాయమునకే టెలిఫోటో అని పేరు. 1891లో ఇంగ్లండున డాల్‌మేయర్ దీనికి పేటెంటు పొందెను. నేడు పక్షుల ఛాయాచిత్రకారులు భుజమున మోయు తెల్లని, నల్లని ఫిరంగుల వంటి కటకములన్నియు ఆ వంశమువే.

స్పాటింగ్ స్కోపు వేరు జాతి. దీనిలో ముందు వస్తుకటకము, వెనుక అక్షికటకము ఉండును. నక్షత్రములను చూచు దూరదర్శినిలో బొమ్మ తలక్రిందులుగ కనిపించును. దీనిలో నడుమ పట్టకములుండుటచే నిటారుగ కనిపించును. వస్తుకటకము వ్యాసము సామాన్యముగ 60 మొదలు 85 మిల్లీమీటర్ల వరకు, పెంపు 20 మొదలు 60 రెట్ల వరకు ఉండును. ఇది కంటితో చూచుటకు పుట్టిన పరికరము. చిత్రము తీయుటకు పుట్టినది కాదు. కన్ను ఉంచుచోట కెమెరాను ఉంచిన చిత్రము పడునన్న సంగతి పూర్వమే తెలియును. కాని ఫిల్ముతో అది సుకరముగ సాగలేదు. చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చిన పిదప 1999లో మలేషియా దేశస్థుడగు లారెన్స్ పో, అట్టి కెమెరాను స్కోపునకు ఆనించి పక్షుల చిత్రములు తీసి లోకమునకు చూపెను. ఆ కెమెరాలోని చిత్రమునకు రెండు మెగాపిక్సెళ్లే. అయినను ఈకల అంచులు కూడ తెలియునట్టి చిత్రములు వచ్చినవి. ఈ పద్ధతికి డిజిస్కోపింగ్ అను పేరు స్థిరపడినది. ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు పక్షిప్రేమికుడు ఆలెన్ ఫోసె అని చెప్పుదురు. నేడు ఆ చిన్న కెమెరా స్థానమున ప్రతివారి జేబులోని సెల్‌ఫోనే నిలిచినది.

రెంటిలో ఏది మేలు? అంగడిలో అడిగిన, అమ్మువాడు తనయొద్ద నున్నదే మేలనును. మనము లెక్కవేసి చూతము.

30 రెట్లు పెంచు స్కోపునకు వెనుక 50 మిల్లీమీటర్ల కటకమున్న కెమెరాను అమర్చితిమనుకొనుడు. 30ని 50తో గుణింపగా 1500. అనగా ఈ జంట 1500 మిల్లీమీటర్ల టెలిఫోటోతో సమానము. అంతటి కటకము సామాన్యుడు కొనజాలడు, కొన్నను మోయజాలడు. ఇది విని యువకులు “మరి ఇంకేమి!” అందురు. ఆగుడు. లెక్కకు రెండవ సగము కలదు. చిత్రమునకు పొడవొక్కటే చాలదు, వెలుతురు కావలెను. నాభ్యంతరమును ముందరి కటకపు వ్యాసముతో భాగింపగా వచ్చు సంఖ్యయే ఎఫ్ సంఖ్య. అది ఎంత పెద్దదైన వెలుతురు అంత తక్కువ. 600 మిల్లీమీటర్ల పెద్ద కటకమునకు ముందరి వ్యాసము 150 మిల్లీమీటర్లున్న, ఎఫ్ సంఖ్య 4. మన స్కోపునకు ముందరి వ్యాసము 80. 1500ను 80తో భాగింపగా సుమారు 19. వెలుతురు ఈ సంఖ్యల వర్గములనుబట్టి మారును గావున, స్కోపు చిత్రమునకు చేరు వెలుతురు దానికి 22వ వంతు మాత్రమే.

దీని ఫలితమేమి? ఆ పెద్ద కటకముతో సెకనులో 2000వ వంతు కాలమున చిత్రము తీయగల వెలుతురులో, స్కోపుతో 90వ వంతు కాలము పట్టును. లకుముకి పిట్ట నీటిలోనికి దూకునపుడు 2000వ వంతులో రెక్క నిలిచి కనబడును. 90వ వంతులో ఆ రెక్క పొగవలె చెదిరిపోవును. అంతియే కాదు. టెలిఫోటో కటకము కెమెరాతో ఏకమై తానే దృష్టి కుదుర్చుకొనును. ఎగురు పక్షిని వెంబడించును. స్కోపునకు మనమే చేతితో చక్రము త్రిప్పి దృష్టి కుదుర్పవలెను. 20 రెట్ల పెంపువద్ద కూడ వేయి మీటర్ల దూరమున అది చూపు వెడల్పు సుమారు 35 మీటర్లే. ఎగురు పక్షిని ఆ ఇరుకు కిటికీలో పట్టుట, బావిలోనికి తొంగిచూచుచు గాలిపటము నెగురవేయుట వంటిది. ముక్కాలి స్టాండు లేనిదే పని జరుగదు. గాలి వీచిన స్టాండు వణకును, చిత్రము చెడును. అక్షికటకమునకు సెల్‌ఫోను ఒక వెంట్రుక పక్కకు జరిగిన, చిత్రము చుట్టును నల్లని వలయము పడును. ఇన్ని చెప్పుచున్నాను గదా, ఇవి నేను పుస్తకములో చదివినవి కావు. ఇందులో ప్రతి తప్పును నేను చేసినవాడనే.

ఇక టెలిఫోటో పక్షమున దోషములను చెప్పవలెను గదా. 600 మిల్లీమీటర్ల ఎఫ్ 4 కటకము బరువు ఎంత తేలికగ చేసినను మూడు కిలోలు దాటును. వెల పలు లక్షలు. తక్కువ వెలకు దొరకు జూమ్ కటకములును కలవు. మన దాతగారిచ్చిన ధనమునకు అట్టి జూమ్ కటకమే వచ్చును. అది మంచి పరికరమే. కాని దానిని ఒకనాడు ఒకడే పట్టుకొనగలడు. తక్కినవారు చిత్రము తీసిన పిదప చూడవలసినదే.

నేను చూచిన రెండు తావులను పోల్చి చెప్పుదును. గుంటూరునకు సమీపమున ఉప్పలపాడు చెరువు కలదు. అచట గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరిని ఆనుకొనియే చెట్లమీద గూళ్లు కట్టుకొనును. ఊరివారు వానిని తరిమికొట్టక కాపాడుకొనుచున్నారు. మనుష్యులు గట్టుమీదనే ఉందురు, పక్షులు నీటి నడుమ చెట్లమీద నుండును, నడుమ చెరువునీరే కంచె. పిల్లలకు మేత తెచ్చు పక్షులు తలమీదుగ ఎగురుచుండును. అట్టిచోట టెలిఫోటో కటకమునకు సాటి లేదు. రెక్కలు విప్పి గూటిమీద వ్రాలు కొంగను పట్టవలెనన్న అదియే కావలెను. స్కోపుతో పోయినవాడు గూటిలో కదలక నిలిచిన పక్షినొకదానిని చిత్రించుకొని రావలెను.

పులికాటు సంగతి వేరు. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు దారి సరస్సు మీదుగనే పోవును. శీతకాలమున ఫ్లెమింగోలు అచటికి వచ్చును. మనవారు కొందరు వానిని రాజహంసలందురు. అవి దారికి దూరముగ, లోతులేని నీటిలో బారులు తీరి మేయుచుండును. ఒకనాటి ఉదయము నేనును, పొరుగూరినుండి వచ్చిన యువకుడొకడును అచట కలిసితిమి. అతనియొద్ద మంచి టెలిఫోటో కటకము కలదు. అతని చిత్రములో నీటిమీద గులాబిరంగు చుక్కల వరుస కనిపించినది. నా పాత స్కోపునకు సెల్‌ఫోను నానించి తీసిన చిత్రములో, పక్షి మెడ వంచి ముక్కును తలక్రిందులు చేసి నీటిని వడగట్టుకొనుట కనిపించినది. అంచులు కొంత మెత్తబడినవి. రంగు కొంత వెలిసినది. కాని అది ఏమి చేయుచున్నదో తెలిసినది. అతడు బురదలోనికి దిగి దగ్గరకు పోవుదునని పాదరక్షలు విడిచినాడు. నేను వలదని, స్కోపులో చూడుమంటిని. అతడు కన్ను ఆనించి చాలసేపు చూచి, “ఇంతకాలము నేను వీనిని లేపి తీసితిని గాని, మేయుచుండగ చూడలేదండీ” అనినాడు. గంట గడచి ఎండ ముదిరినది. నీటిమీద వేడిగాలి అలలు లేచి, అతని కటకమును, నా స్కోపును రెండును మసకబారినవి. దూరమెక్కువయైనకొలది ఈ వేడిగాలి పొర అడ్డువచ్చును. ఎంత వెలపోసి కొన్న గాజును దానిని ఛేదింపజాలదు. ప్రొద్దుటనే పోవలెను, అంతకు మించిన ఉపాయము లేదు.

ఇంతవరకు పరికరములను గూర్చి చెప్పితిని. ఇక నన్ను గూర్చి చెప్పవలెను. ఈ భాగము చెప్పవలెనా, మానవలెనా అని రెండు దినములు తర్కించుకొంటిని.

స్కోపు కొనుటకు పూర్వము నాయొద్ద 200 మిల్లీమీటర్ల కటకమొకటి యుండెను. పక్షులకు అది పొట్టి. కటకము పొట్టియైన, నడక పొడవు కావలెను. ఒక వేసవిలో మన చెరువు ఎండినపుడు, తీతువు పిట్ట గులకరాళ్ల నడుమ నాలుగు గ్రుడ్లు పెట్టినది. తీతువునకు గూడు లేదు. నేలమీది చిన్న పల్లమే దాని గూడు. గ్రుడ్లు రాళ్లతో కలిసిపోయి కనబడవు. మండుటెండలో గ్రుడ్లకు వెచ్చదనము కాదు, నీడ కావలెను. తల్లియో తండ్రియో గ్రుడ్లపై నిలిచి నీడపట్టును. ఒక్కొక్కమారు నీటికి పోయి పొట్ట ఈకలు తడుపుకొనివచ్చి గ్రుడ్లను చల్లబరచును. ఇదంతయు నాకు తెలియును. తెలిసియే పోతిని. గూటిమీద పక్షి నిలిచిన చిత్రము కావలెనన్న ఆశ నా చదువును మింగివేసినది. గ్రుడ్లకు ఇరువది అడుగుల దూరమున కూర్చుంటిని. పక్షి లేచి, నా తలమీద తిరుగుచు అరచినది. ఇప్పుడు దిగును, ఇప్పుడు దిగునని అరగంటకు పైగా కదలక కూర్చుంటిని. తుదకు దిగినది. చిత్రము తీసితిని. సంతోషముతో ఇంటికి వచ్చితిని.

మరునాడు పోయి చూడగా గ్రుడ్లు లేవు. పగిలిన పెంకొకటి మిగిలినది. నా జాడను కనిపెట్టి కాకి వచ్చినదో, ఎండకు చెడిన గ్రుడ్లను కుక్క తినినదో నేను చెప్పజాలను. నేనచట కూర్చుండకున్నచో ఆ అరగంటయు వానికి నీడ ఉండెడిదని మాత్రము చెప్పగలను. తీతువు కూసిన అపశకునమని మన పెద్దలనెడివారు. ఆనాడు ఆ తీతువునకు నేనే అపశకునమైతిని.

చిత్రము మాత్రము చక్కగ వచ్చినది. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. ఈ రజతోత్సవ సంచికలో దానిని అచ్చువేయుదమని సంపాదకులు అడిగిరి. వలదంటిని. కారణమడుగగా ఈ సభలో చెప్పుదునంటిని, చెప్పితిని.

ఆ పిమ్మట నేను స్కోపు కొంటిని. స్కోపు కొన్నంతమాత్రమున మనిషి పుణ్యాత్ముడు కాడు. టెలిఫోటో పట్టినవాడు పాపియు కాడు. ఓపికతో దూరమున నిలిచి, కటకమునకు అందినంతవరకే తీసి, తక్కినది విడిచిపెట్టు ఛాయాచిత్రకారులను నేనెరుగుదును, వారికి నమస్కరింతును. కాని నావంటి బలహీనుని సంగతి వేరు. చేతిలోని పరికరమునకు ఇంకొక పది అడుగులు కొరవడినపుడు, ఆ పది అడుగులను పక్షినుండి దొంగిలించు బుద్ధి పుట్టును. స్కోపు ఆ పది అడుగులను నాకు అప్పుగా ఇచ్చినది. అందులో నేను చేరువకు పోయినకొలది చూపు మెరుగుపడుట అటుంచి, దృష్టి కుదుర్చుటయే కష్టమగును. దూరమున నిలుచుటయే దానికి లాభము. మనిషి బుద్ధి ఎప్పుడు జారునో తెలియనపుడు, దూరమున నిలువుమని చెప్పు పనిముట్టు చేతిలో నుండుట మేలు.

గ్రంథాలయ పక్షమున మరి రెండు మాటలు. మొదటిది. స్కోపును గట్టుమీద నిలిపిన, పదిమంది పిల్లలు వరుసగ వచ్చి చూడగలరు. వంపుగల అక్షికటకమున్న రకము కొన్న, పొడవైనవాడు వంగియు, పొట్టివాడు నిలిచియు ఒకే స్టాండుమీద చూడవచ్చును. చిత్రము పడకున్నను చూపు మిగులును. మన గ్రంథాలయమున పుస్తకము ఒకటే, పాఠకులు పలువురు. పరికరమును అట్లే యుండుట మన యింటి పద్ధతికి తగును. రెండవది. అందమైన చిత్రమే చిత్రము కాదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మొదలైన సంస్థలవారు వలసపక్షుల కాళ్లకు వలయములును, అక్షరములు గల రంగు పట్టీలును తగిలించి విడుతురు. దూరమున బురదలో నిలిచిన ఉల్లంకి పిట్ట కాలిపట్టీమీది అక్షరములు స్కోపు చిత్రములో చదువ వీలైనచో, అది ఎచట పట్టీ పడినదో, ఎంతదూరము వచ్చినదో తెలియును. మసకబారిన చిత్రమైనను అది శాస్త్రమునకు సాక్ష్యమగును. తేదీ, తావు, సంఖ్య వ్రాసిన చిత్రమునకే గ్రంథాలయ బీరువాలో చోటు; వట్టి అందమునకు గోడలు చాలును.

అయితే యువకుల మాటను నేను త్రోసిపుచ్చుట లేదు. ఎగురు పక్షిని స్కోపు పట్టజాలదు. ఇది ముమ్మాటికి నిజము. చీకటి ముసురు వేళ, దట్టమైన చెట్లలో కొమ్మనుండి కొమ్మకు దూకు చిన్నపిట్టల దగ్గర అది నిలువజాలదు. మీలో ఎవరైనను సొంత ధనముతో టెలిఫోటో కటకము కొన్నచో, నాకును ఒకమారు చూపుడు, సంతోషింతును. కాని ఊరి ధనముతో కొనవలసినది ఊరందరి కన్నులకు అందునది కావలెనని నా మనవి. కార్యవర్గమువారు వేరొక నిర్ణయము చేసినను నాకు కోపము లేదు.

ఏది కొన్నను నాలుగు నియమములు పాటింపుడు. గూటిమీది పక్షిని, గ్రుడ్లను, పిల్లలను చిత్రింపబోకుడు. పక్షి మేత మాని తలయెత్తి మీవంక చూచినచో మీరు హద్దు దాటితిరని తెలిసికొని, వెంటనే వెనుకకు అడుగువేయుడు. అది లేచి ఎగురువరకు ఆగిన ఆలస్యమైనట్లే. మందను చప్పట్లతో లేపి ఎగురు చిత్రము తీయబోకుడు. వేలమైళ్లు వచ్చిన పక్షికి ప్రతి ఎగురుటయు ఖర్చే. అభయారణ్యములో చిత్రములు తీయుటకు అటవీశాఖవారి అనుమతి తీసికొనుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అందరికి సమానమే.

నా పాత స్కోపు ముసలిదైనను గాజు చెడలేదు. క్రొత్తది వచ్చువరకు దానిని ఈ గ్రంథాలయమున నుంచుచున్నాను. దానితోపాటు ఒక ఖాళీ నోటుపుస్తకమును ఇచ్చుచున్నాను. మొదటి పుటలో తీతువు కథను నా చేతివ్రాతతో వ్రాసితిని. రెండవ పుటనుండి మీరు వ్రాయుడు. శీతకాలము వచ్చుచున్నది, చెరువు నిండియున్నది. ఎల్లుండి ఆదివారము తెల్లవారకముందే గట్టుమీది మర్రిచెట్టుకడ నేనుందును. రాదలచినవారు చప్పుడు చేయక రావలెను.

ఈ గ్రంథాలయము మరి ఇరువదియైదు సంవత్సరములు వర్ధిల్లి, స్వర్ణోత్సవమును చేసికొనుగాక. ఆనాటి సభలో ఈ ముందు వరుసలోని పిల్లలలో నొకరు లేచి, మన చెరువునకు ఇన్ని పక్షులు వచ్చుచున్నవని ఆ నోటుపుస్తకమును విప్పి చదువుదురుగాక.